తోడు పరుగు తనకు మాలిన ధర్మం కాదు

ఏడాది చివరికి వచ్చేసరికి దూరపు పరుగుల లోకంలో లెక్కలు మొదలవుతాయి. ఎన్ని యాభైలు, ఎన్ని వందలు, ఎన్ని పతకాలు, ఎన్ని బకిళ్ళు. హైదరాబాద్‌లో తెల్లవారకముందే రోడ్డెక్కే బృందాలైనా, కాలిఫోర్నియా బే ఏరియాలో శనివారం కొండదారి పట్టే తెలుగు ఇంజినీర్లైనా కొలిచే కొలబద్ద ఒక్కటే. దాని వెనక ఎవరూ పెద్దగా ప్రశ్నించని నమ్మకం ఒకటుంది. అల్ట్రా పరుగు, అంటే మారథాన్‌ని మించిన దూరాల పరుగు, ఒంటరి సాధన. ఏడాదికి ప్రణాళిక వేసుకోవడమంటే 52 వారాల్లో ఎన్ని పోటీలు ఇరికించగలమో చూసుకోవడం. స్నేహితుడి పోటీలో రాత్రంతా అతని పక్కన పరిగెత్తడం, అంటే పేసింగ్, మంచి పనే గానీ తీరిక దొరికితే చేసే ఉపకారం. కాస్త ఘాటుగా మాట్లాడేవాళ్ళు తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్న సామెతను కూడా తగిలిస్తారు. ఇంకొందరు మరో అడుగు ముందుకేసి, పేసర్ని పెట్టుకుని పూర్తి చేసిన పరుగు సగం పరుగేనంటారు. ఈ రెండు మాటలూ తప్పే. దూరపు పరుగుల మీద ప్రేమ ఉన్నవాడు ఏడాది క్యాలెండరులో మొదట రాసుకోవలసింది మిత్రుల కోసం పరిగెత్తే వారాంతాలనే. సొంత పోటీలు వాటి చుట్టూ ఒకటో రెండో ఉంటే చాలు.

నగర మారథాన్లు మాత్రమే తెలిసినవారికి పేసర్ అంటే చేతిలో జెండా, దాని మీద 4:30 అనో 5:00 అనో అంకె, వెనక ఓ గుంపు. నేను చెప్పే పేసర్ వేరు. వంద మైళ్ళ పోటీలో, సగం దూరం దాటి చీకటి పడే వేళకు, ఒక్క రన్నర్‌కి తోడుగా వచ్చే ఒక్క మనిషి. అతనికి పూర్తి చేసినవాళ్ళకిచ్చే బెల్టు బకిల్ ఉండదు, ఫలితాల పట్టికలో పేరుండదు. కాలిఫోర్నియాలోని వెస్టర్న్ స్టేట్స్ పోటీనే తీసుకుందాం. జూన్ చివరి శనివారం ఉదయం 5 గంటలకు ఒలింపిక్ వ్యాలీలో మొదలై 100.2 మైళ్ళు సాగి ఆబర్న్ ఊళ్ళోని ప్లేసర్ హైస్కూల్ ట్రాక్ మీద ముగుస్తుంది. గడువు 30 గంటలు. 18,000 అడుగులు ఎక్కాలి, దాదాపు 23,000 అడుగులు దిగాలి. పగలు లోయల్లో ఎండ మాడ్చేస్తుంది, రాత్రి అమెరికన్ నది దాటాలి. ఈ పోటీలో పేసర్ని 62వ మైలు దగ్గర, ఫారెస్ట్‌హిల్ అనే చిన్న ఊళ్ళో కలుపుకోవచ్చు. దానికంటే ముందుండే మిషిగన్ బ్లఫ్‌కి రన్నర్ రాత్రి 8 దాటాక చేరితే అక్కడినుంచే కలుపుకోనిస్తారు. ఈ చిన్న మినహాయింపులోనే నిబంధన ఆంతర్యమంతా ఉంది. తోడు ఇచ్చేది వేగం కోసం కాదు, చీకటి కోసం. అలసిపోయి మతి చెదిరిన మనిషి నిర్జనమైన కొండదారిలో రాత్రిపూట ఒంటరిగా ఉండకూడదన్నది నిర్వాహకుల ఆలోచన. ఆ తోడు అతని సామాను మోయకూడదు, అతన్ని లాగకూడదు, నెట్టకూడదు.

ఇక ప్రణాళిక సంగతి. రక్షిత అరణ్య ప్రాంతం మీదుగా వెళ్ళడానికి ఇచ్చిన అనుమతి కారణంగా వెస్టర్న్ స్టేట్స్‌లో పాల్గొనేవారి సంఖ్య 369కి పరిమితం. దరఖాస్తులేమో ఇటీవలి ఏళ్ళలో పది వేల చుట్టూ తిరుగుతున్నాయి. డిసెంబరు మొదట్లో లాటరీ తీస్తారు. ఏటా అర్హత సాధిస్తూ, ఏటా ఓడిపోతూ పోతే టికెట్లు 1, 2, 4, 8 చొప్పున రెట్టింపవుతాయి గాబట్టి చాలామంది ఆ గేటు ముందు ఏళ్ళ తరబడి నిలబడతారు. కొలరాడోలోని హార్డ్‌రాక్‌లో చోటు దొరకడం ఇంకా కష్టం. పేరు రానివాళ్ళు ఆ రాత్రి ఏం చేస్తారన్నదే నా అభ్యంతరం. లేడికి లేచిందే పరుగన్నట్టు, నిరాశ చల్లారకముందే మరో నాలుగు పోటీలకు డబ్బు కట్టేస్తారు. ఫిబ్రవరిలో ఒక 50, ఏప్రిల్‌లో ఒక వంద కిలోమీటర్లు, జులైలో ఒక వంద మైళ్ళు, సెప్టెంబరులో మరొకటి. ఇందులో ఏ పోటీనీ వాళ్ళు నిజంగా కోరుకుని ఎంచుకోలేదు. లాటరీ మిగిల్చిన ఖాళీని పూడ్చుకోవడానికి కొన్నారంతే. దీన్ని ప్రణాళిక అనడానికి నాకు నోరు రాదు.

శరీరం ఈ కొనుగోళ్ళను ఊరికే పోనివ్వదు. ఎత్తు దిగుతున్నప్పుడు తొడ కండరం సాగుతూనే బిగుసుకోవాలి. కండర తంతువులు ఎక్కువగా చిరిగేది ఆ పనిలోనే. వంద మైళ్ళ కొండ పరుగు ముగించినవాళ్ళ రక్తంలో, కండరం నుంచి కారే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము మామూలు స్థాయికి వందల రెట్లు కనిపించడం వెస్టర్న్ స్టేట్స్ ముగింపు రేఖ దగ్గర పరిశోధకులు పదేపదే చూసిన సంగతి. అది కొద్ది రోజుల్లో దిగిపోతుంది, నొప్పీ తగ్గుతుంది. రన్నర్ తాను కోలుకున్నాననుకుంటాడు. స్నాయువులూ ఎముకలూ ఆకలీ నిద్రా హార్మోన్లూ అంత తొందరగా దారికి రావు. అందుకే అనుభవమున్న శిక్షకులు చాలామంది ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు మూడు పెద్ద లక్ష్యాలు పెట్టుకోమంటారు. ఇది పిరికిమాటగా వినిపించవచ్చు. కానీ పూర్తి శక్తితో పరిగెత్తిన ఒక వంద మైళ్ళకీ, మూడు వారాల క్రితం పరిగెత్తిన మరో వంద తాలూకు కాళ్ళతో ఈడ్చిన వంద మైళ్ళకీ ఫలితాల పట్టికలో తేడా కనబడకపోయినా, పరిగెత్తినవాడికి బాగానే తెలుస్తుంది.

ఇదే క్యాలెండరులో పేసింగ్ ఎక్కడ కూర్చుంటుందో చూడండి. వెస్టర్న్ స్టేట్స్‌లో గడువు అంచున పరిగెత్తే రన్నర్ ఫారెస్ట్‌హిల్‌ను ఇంచుమించు అర్ధరాత్రి వేళ వదులుతాడు. అక్కడినుంచి ఆబర్న్ 38 మైళ్ళు, అంటే 61 కిలోమీటర్లు. ఉదయం 11లోగా చేరాలి. పేసర్‌కి ఇది దాదాపు 11 గంటలు కాళ్ళ మీద ఉండే రాత్రి; కిలోమీటరుకు సుమారు 11 నిమిషాల వేగం. అంటే నడకా పరుగూ కలగలిసిన సాగదీత. తాజా కాళ్ళతో వచ్చినవాడి కండరాలు ఈ వేగానికి పెద్దగా దెబ్బతినవు. అతనికి అందేవి మాత్రం శిక్షణలో దేనితోనూ కొనలేనివి: నిద్ర ఆపుకుని కదలడం, నుదుటి దీపపు వెలుగులో రాళ్ళ మీద అడుగు వేయడం, తెల్లవారుజామున 3 గంటలకు కడుపుకి ఏం పడుతుందో తెలుసుకోవడం, ఆ వేళ ఒళ్ళు ఎంత చల్లబడుతుందో చూడటం. సొంత పోటీకి ముందు ఇలాంటి రాత్రిని శిక్షణగా పెట్టుకోమంటే ఎవరూ పెట్టుకోరు, పక్క దిగాలనిపించదు. మిత్రుడు 62 మైళ్ళు దాటి వస్తున్నాడంటే మాత్రం నిద్ర దానంతటదే వదులుతుంది. పైగా లాటరీలో పేరు రానివాడికి ఆ దారి మీద కాలు పెట్టే మార్గం ఇది. పదివేల మందిలో 369 మందికి దక్కే చోటు కోసం ఏళ్ళ తరబడి కలగనేవాడు, ఏ లాటరీ లేకుండా ఆ దారిలోని చివరి 38 మైళ్ళను పోటీ రాత్రే, పోటీ వాతావరణంలోనే చూడవచ్చు. దీన్ని వృథా వారాంతం అనేవాళ్ళు లెక్క సరిగ్గా వేయలేదు.

కాళ్ళకి అందే లాభం కంటే బుర్రకి అందేది ఎక్కువని నా అభిప్రాయం. వంద మైళ్ళ పోటీలో మధ్యలో ఆగిపోయినవాళ్ళని కారణం అడిగిన అధ్యయనాల్లో ముందుండేది కాళ్ళు కాదు, కడుపు. వికారం, వాంతులు. ఇది తెలుసుకోవడానికి సొంత పోటీలో నాలుగుసార్లు వాంతి చేసుకోనక్కర్లేదు. మరొకరి కడుపు ఎలా తిరగబడుతుందో, జెల్లు తినలేనివాడు ఉప్పు వేసిన ఉడికిన బంగాళదుంప ఎలా తినగలుగుతాడో, ఇరవై నిమిషాలు నెమ్మదిస్తే కడుపు ఎలా దారికొస్తుందో దగ్గరగా చూసినవాడు, తన వంతు వచ్చినప్పుడు కంగారు పడడు. సోడియం సంగతీ అంతే. దాహానికి మించి నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్ళు ఉబ్బుతాయి, తల తిరుగుతుంది, మాట తడబడుతుంది. అది ఎండదెబ్బేమోనని ఇంకా నీళ్ళు పట్టిస్తే ప్రాణానికే ముప్పు. ఈ తేడా గుర్తించవలసింది ఎవరు? అప్పటికే మతి చెదిరిన రన్నరా, పక్కనున్న తాజా మనిషా? నొప్పి మాత్రల విషయం ఇంకా స్పష్టం. పరిశోధకుడు డేవిడ్ నీమన్ బృందం వెస్టర్న్ స్టేట్స్ రన్నర్లనే పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, పోటీలో ఐబుప్రొఫెన్ వేసుకున్నవాళ్ళకి కండరాల నొప్పి తగ్గలేదు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ సూచికలు మాత్రం ఎక్కువగా కనబడ్డాయి. చెమటలో ఉప్పూ నీరూ పోయి మూత్రపిండాలు ఒత్తిడిలో ఉన్నప్పుడు ఆ మాత్ర మరింత చేటు. 80వ మైలు దగ్గర సంచిలోంచి మాత్రల పట్టీ తీసే చేతిని ఆపేవాడు ఉండటం విలాసమని నేననుకోను.

ఇప్పుడు శుద్ధవాదుల మాట. తోడున్న పరుగు సగం పరుగేనని వాళ్ళు యూరప్‌ను చూపిస్తారు. ఏథెన్స్ నుంచి స్పార్టాకు 246 కిలోమీటర్లు 36 గంటల్లో పరిగెత్తే స్పార్టథ్లాన్‌లో పేసర్లకు చోటు లేదు. ఆల్ప్స్‌లో షమోనీ దగ్గర మొదలై షమోనీలోనే ముగిసే, గడువు 46 గంటల 30 నిమిషాలున్న యూటీఎంబీలోనూ లేదు. నిజమే, కానీ నిబంధనలు నేలను బట్టి పుడతాయి. యూటీఎంబీలో రెండు వేల మందికి పైగా రన్నర్లు ఒకే దారిలో సాగుతారు, దారి మూడు దేశాల ఊళ్ళ మీదుగా పోతుంది, రాత్రంతా ముందూ వెనకా దీపాల వరస కనిపిస్తూనే ఉంటుంది. అందులో ప్రతి ఒక్కరికీ ఒక తోడును పంపితే దారి మూసుకుపోతుంది. వెస్టర్న్ స్టేట్స్‌లో 369 మంది నూరు మైళ్ళ మీద చెల్లాచెదురై ఉంటారు. మరోవైపు జులైలో డెత్ వ్యాలీ మీదుగా సాగే 135 మైళ్ళ బ్యాడ్‌వాటర్‌లో తోడు బృందమూ వాహనమూ లేకుండా అసలు బయలుదేరనివ్వరు. ఆ ఎండలో ఒంటరి సాధన అన్న మాటకి అర్థం ఆత్మహత్య. ఒక పోటీ నిబంధన తెచ్చి ఇంకో పోటీ విలువ తూచడం వాదన అనిపించుకోదు.

తోడుకీ సాయానికీ మధ్య గీత ఎక్కడుందో ఈ క్రీడకి బాగా తెలుసు. 2006లో బ్రయన్ మారిసన్ వెస్టర్న్ స్టేట్స్‌లో అందరికంటే ముందు ప్లేసర్ హైస్కూల్ ట్రాక్ మీదికి వచ్చి, ముగింపు రేఖకు మూడు వందల గజాల లోపు కుప్పకూలాడు. పక్కనున్నవాళ్ళు లేపి, పట్టుకుని రేఖ దాటించారు. సొంత శక్తితో పూర్తి చేయలేదని అతన్ని అనర్హుడిగా ప్రకటించి, విజయం గ్రాహమ్ కూపర్‌కి ఇచ్చారు. ఆ రోజు మారిసన్ పేసర్లలో ఒకడు స్కాట్ జురెక్. 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు అదే పోటీ గెలిచినవాడు. పేసర్ ఎంతటివాడైనా అతని చేయి తగిలితే ఫలితం చెల్లదని ఇంతకంటే కఠినంగా ఎవరు చెప్పగలరు? ఇంకో సంగతీ గమనించాలి. ఏడు విజయాల తర్వాతి ఏడాది అతను అదే దారికి పేసర్‌గా వచ్చాడు. తోడు పరుగు తన స్థాయికి తక్కువ పని అనుకోలేదు. శుద్ధవాదులకి ఒక చోట మాత్రం నేను లొంగుతాను. కొలరాడోలోని లీడ్‌విల్ పోటీలో పేసర్ తన రన్నర్ నీళ్ళూ తిండీ సంచీ మోయవచ్చు. గనుల ఊరి కంచరగాడిదల జ్ఞాపకంగా ఆ సంప్రదాయాన్ని ముచ్చటగా చెప్పుకుంటారు గానీ, అక్కడ గీత చెరిగిపోయింది. తోడు కళ్ళతో, మాటతో ఉండాలి; భుజంతో కాదు.

అసలు ఈ ఒంటరి సాధన అన్న ఊహకి చరిత్ర ఆధారం కూడా పలచన. 1974లో గోర్డీ ఏన్స్‌లీ ఒంటరిగా వంద మైళ్ళు పరిగెత్తి ఈ క్రీడకి నాంది పలికాడన్నది అందరూ చెప్పే కథ. అతను పరిగెత్తింది 1955 నుంచి సాగుతున్న టెవిస్ కప్ గుర్రపు స్వారీ పోటీలో, గుర్రాల మధ్యనే, ఆ పోటీ ఏర్పాట్ల మధ్యనే. గుర్రాలకి పెట్టిన 24 గంటల గడువులోగా, 23 గంటల 42 నిమిషాల్లో చేరాడు. ఈనాడు 24 గంటల లోపు ముగించినవాళ్ళకి ఇచ్చే వెండి బకిల్‌కి మూలం అదే. ఇప్పుడు అదే దారిలో 369 మంది పరిగెత్తడానికి దాదాపు 1,500 మంది స్వచ్ఛంద సేవకులు పనిచేస్తారు. ఒక్కో రన్నర్‌కి నలుగురు! ఎవరో రాత్రంతా చారు కాచి పెడితే, ఎవరో నది మీద తాడు పట్టుకుని నిలబడితే, ఎవరో కాళ్ళ బొబ్బలు చిదిపి కట్టు కడితే పూర్తయిన పరుగును ఒంటరి సాధన అనుకుని, పక్కన నడిచిన ఒక్క మిత్రుణ్ణి మాత్రం లెక్కకి అడ్డమనడం వింతగా ఉంటుంది. 2015లో ఇదే పోటీలో గన్‌హిల్డ్ స్వాన్సన్ 70 ఏళ్ళ వయసులో 29 గంటల 59 నిమిషాల 54 సెకన్లకు రేఖ దాటింది. గడువుకి మిగిలింది 6 సెకన్లు. ముందురోజే 15 గంటల లోపు పోటీ గెలిచిన రాబ్ క్రార్, కాళ్ళకి హవాయి చెప్పులతో, ఆమె చివరి మైలులో పక్కన పరిగెత్తాడు. ఆ పరుగు సగం పరుగని ఆ ట్రాక్ దగ్గరికి వెళ్ళి చెప్పండి చూద్దాం.

ఒకరికి ఒకరు తోడు రావడాన్ని ఒప్పుకోని పోటీల్లో కూడా ఈ స్వభావం వేరే దారి వెతుక్కుంది. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ మధ్య 1921 నుంచి జరిగే కామ్రేడ్స్ పరుగు మనవాళ్ళకి బాగా పరిచయం. భారత్ నుంచి ఏటా పెద్ద సంఖ్యలో వెళ్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకార్థం విక్ క్లాఫమ్ మొదలుపెట్టిన పరుగు అది, పేరే సహచరులని. దాదాపు 90 కిలోమీటర్లు, గడువు 12 గంటలు. బయటినుంచి వచ్చి పక్కన పరిగెత్తడం అక్కడ కుదరదు. కానీ అక్కడ బస్సులని పిలిచే గుంపులు ప్రసిద్ధం. బాగా అనుభవమున్న ఒక రన్నర్ తాను ఇంకా ముందుగా చేరగలిగినా, 11 గంటలకో 12 గంటలకో లెక్క కట్టుకుని, ఎక్కడ నడవాలో ఎక్కడ పరిగెత్తాలో కేకేసి చెబుతూ, పాట పాడిస్తూ, వెనక వందల మందిని గడువులోగా చేరుస్తాడు. ఆ బస్సు డ్రైవర్లను ఆ దేశంలో విజేతల్లాగే గౌరవిస్తారు. సొంత వేగాన్ని వదులుకుని ఇంకొకరి గడువు నిలబెట్టడం క్రీడకి బయటి విషయం కాదని వందేళ్ళు దాటిన పోటీ చెబుతుంటే, నిన్న మొన్న మొదలుపెట్టిన మనం దాన్ని ఉపకారం కింద జమకడుతున్నాం.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. 2023లో వృత్తి రన్నర్ కోర్ట్నీ డావాల్టర్ ఒకే వేసవిలో వెస్టర్న్ స్టేట్స్, హార్డ్‌రాక్, యూటీఎంబీ మూడూ గెలిచింది. వెస్టర్న్ స్టేట్స్‌లో 15 గంటల 29 నిమిషాల 33 సెకన్లతో మహిళల రికార్డు కూడా రాసింది. నాలుగు వంద మైళ్ళ పోటీలను ఒకే వేసవిలో పూర్తి చేసే గ్రాండ్ స్లామ్ 1986 నుంచీ ఉంది. మనిషి హద్దులు ఇంత దూరం జరిగాక, ఏడాదికి ఒకటీ రెండూ అని కూర్చోవడం ఎందుకు? ఈ ప్రశ్నలో నిజాయితీ ఉంది. నా జవాబు, డావాల్టర్ వేసవి వెనక ఏళ్ళ తరబడి కట్టిన పునాది ఉంది, ఆమె పని పరుగే. పరుగు తర్వాత పడుకోవడానికీ తినడానికీ కోలుకోవడానికీ ఆమెకున్న సమయం సోమవారం ఉదయం 9కి మీటింగులో కూర్చోవలసిన ఉద్యోగికి లేదు. గ్రాండ్ స్లామ్ పూర్తి చేసేవాళ్ళు ఏటా కొద్దిమందే. ఆ కోరిక నిజంగా ఉన్నవాళ్ళు, దానికోసమే ఏడాదిని కట్టుకునేవాళ్ళు వెళ్ళవలసిందే. వాళ్ళ దారికి నేను అడ్డం రాను. నా వాదన ఆ కోరిక లేకుండానే ఆ క్యాలెండర్‌ని అరువు తెచ్చుకునేవాళ్ళతో.

ఆ అరువు వెనక వ్యాపారం కూడా ఉంది. యూటీఎంబీ లాటరీలోకి వెళ్ళాలంటే ఆ సంస్థ ప్రపంచవ్యాప్తంగా నడిపే పోటీల్లో పరిగెత్తి రన్నింగ్ స్టోన్లు కూడబెట్టుకోవాలి. ఎంత దూరం పరిగెడితే అన్ని స్టోన్లు, ఎన్ని స్టోన్లుంటే లాటరీలో అన్ని చీటీలు. పోటీలు కొన్నకొద్దీ అవకాశం పెరిగే ఏర్పాటు ఇది. దానికి ఎదురుగా వెస్టర్న్ స్టేట్స్, హార్డ్‌రాక్ రెండూ పాల్గొనేవారందరినీ ముందుగా 8 గంటల స్వచ్ఛంద సేవ చేసి రమ్మంటాయి: దారిలో పడ్డ చెట్లు తొలగించడమో, మరో పోటీలో నీళ్ళు అందించడమో. ఏ ఏర్పాటు ఎలాంటి రన్నర్‌ని తయారు చేస్తుందో చెప్పనక్కర్లేదు. మొదటిది క్యాలెండరును ఖర్చుల పట్టీగా మారుస్తుంది. రెండోది ఎవరి చెమట మీద మన పరుగు నిలబడిందో గుర్తుచేస్తుంది. పేసింగ్ ఈ రెండోదానికి చెందిన పని, ప్రవేశ రుసుం లేనిది.

పేసింగ్‌కి కూడా ఖర్చుంది, అది దాచడం నా ఉద్దేశం కాదు. మిత్రుడు ఫారెస్ట్‌హిల్ చేరకుండానే ఆగిపోవచ్చు. ఏటా రన్నర్లలో చెప్పుకోదగ్గంత మంది ముగింపు చూడరు. అప్పుడు సెలవు పెట్టి, విమానం టికెట్ కొనుక్కుని వచ్చిన పేసర్‌కి దక్కేది ఒక కుర్చీ, ఒక రాత్రి జాగారం. అందుకే సొంత లక్ష్యానికి కీలకమైన సుదీర్ఘ పరుగును పేసింగ్ రాత్రి మీద ఆధారపెట్టకూడదు. దక్కితే లాభం, దక్కకపోతే మామూలు వారం. ఇంట్లోవాళ్ళ వారాంతాలకీ ఇదంతా గండే. అది సొంత పోటీకైనా తప్పదు. చెడ్డ పేసర్లూ ఉంటారు. రన్నర్ మీద తన వేగం రుద్దేవాడు, తిండీ నీళ్ళూ అందించే ఎయిడ్ స్టేషన్లో తనే ముందు తినేవాడు, నాలుగు గంటలు ఆపకుండా మాట్లాడేవాడు. రన్నర్ ఆగిపోతానన్నప్పుడు వద్దని మొండికేసేవాడు వీళ్ళందరిలోకీ ప్రమాదకరం. మూత్రం కోలా రంగులో వస్తున్నవాణ్ణి ముందుకు తోయడం స్నేహం కాదు. పేసింగ్ నేర్చుకోవలసిన పనే, తాజా కాళ్ళుంటే వచ్చేది కాదు. తదుపరి స్టేషన్ ఎంత దూరం, గడువు ఎంత, ఇప్పటి నడకతో ఎంత మిగులుతుంది అన్న లెక్క మనసులోనే వేసుకుంటూ, రన్నర్‌కి చెప్పవలసింది మాత్రమే చెప్పడం అందులో సగం విద్య.

కాగితం మీద ఇది ఎలా ఉంటుందంటే, బే ఏరియాలో ఉన్నవాడికి డిసెంబరు లాటరీలో పేరు రాలేదనుకుందాం. మొదట కనుక్కోవలసింది ఎవరి పేరు వచ్చిందో. జూన్ చివరి వారాంతం ఆ మిత్రుడికి రాసిపెట్టాలి. మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఒక 50 కిలోమీటర్లు, కాళ్ళు పరీక్షించుకోవడానికి. మే నెలాఖరు సెలవుల్లో వెస్టర్న్ స్టేట్స్ దారి మీద మూడు రోజుల శిక్షణ పరుగులు జరుగుతాయి, పోటీలో చోటు లేనివాళ్ళూ వెళ్ళవచ్చు. జూన్‌లో పేసింగ్ రాత్రి. జులై, ఆగస్టు ఒత్తిడి లేకుండా. నవంబరులో ఫాల్సమ్ సరస్సు దగ్గర రియో డెల్ లాగో వంద మైళ్ళు, సొంతానికి, మనసు పెట్టి. అది వెస్టర్న్ స్టేట్స్‌కి అర్హత పోటీ కూడా. జూన్‌లో మీ వల్ల గట్టెక్కినవాడు నవంబరు రాత్రి మీ కోసం వస్తాడు. రాకపోతే అప్పుడు తిట్టుకుందాం. ఏడాదికి ఒకే ఒక్క వంద, ఒక యాభై, ఒక రాత్రి తోడు. పట్టికలో రెండు పతకాలే కనబడతాయి గానీ, మళ్ళీ డిసెంబరుకి కాళ్ళు ఉంటాయి, టికెట్లు రెట్టింపవుతాయి, దారిలో చివరి మూడో వంతు తెలిసి ఉంటుంది.

మన దేశంలో పరిస్థితి వేరు. మన పోటీల నిబంధనలు ఒక్కో చోట ఒక్కో రకం. పేసర్ గురించి ఊసే లేని నియమావళులూ ఉన్నాయి. వానాకాలం నుంచి చలికాలం దాకానే సరైన పరుగు రుతువు. లదాఖ్‌లో ఖార్దుంగ్ లా మీదుగా 72 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళకి, 17,500 అడుగుల ఎత్తులో ఊపిరే ప్రధాన శత్రువు గాబట్టి, రోజుల తరబడి అక్కడ అలవాటు పడని తోడు పనికిరాదు. అలాగని చేయగలిగింది లేదనలేం. దక్కనులోనూ పడమటి కనుమల్లోనూ కొండ పోటీలు పెరుగుతున్నాయి, రాత్రిలోకి సాగేవీ పెరుగుతున్నాయి. ఆ నిర్వాహకులకి నా విన్నపం ఇంతే. చీకటి పడ్డాక దారి మీద ఉండే ప్రతి రన్నర్‌కీ, పేరు నమోదు చేసుకుని బిబ్ తగిలించుకున్న ఒక్క పేసర్ని అనుమతించండి. సామాను మోయకూడదని, చేయి తగలకూడదని నియమావళిలో రాయండి. అతనికి నీళ్ళూ తిండీ లెక్కలో వేసుకోండి. రన్నర్లకి ఇంకో మాట. వచ్చే ఏడాది పోటీల ఫారాలు నింపే ముందు, మీ బృందంలో మొదటిసారి వంద కిలోమీటర్లకి సిద్ధమవుతున్నవాళ్ళెవరో అడిగి, ఆ తేదీ ముందుగా రాసుకోండి.